కారు కొనేముందు కుక్కను కొలవండి



పోయిన నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. గుంటూరు నుంచి ఒక సోదరి వ్రాశారు. ఆమె భర్తకు విశాఖపట్నం బదిలీ అయిందట. ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. వీరితో పాటు రెండు పెద్ద కుక్కలు. ఒకటి లాబ్రడార్, ఒకటి జర్మన్ షెపర్డ్. ఉన్న చిన్న కారు పాతబడింది, ఎలాగూ మార్చాలి. అయితే ఆమె భర్త, "అయిదుగురికి సరిపోయే మంచి కారు చూశాను. కుక్కలకు కూడా చోటున్న కారు కావాలంటే మనవల్ల కాదు. వాటిని ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారట. ఆ మాట విన్న దగ్గరనుంచి పదేళ్ళ బాబు సరిగా అన్నం తినడం లేదట. ఉత్తరం చివర ఆమె ఇలా అడిగారు: "అక్కయ్యగారూ, కుక్కల కోసం కారు వెదకడం తప్పా? అటువంటి కారు మాలాంటి వాళ్ళకు దొరుకుతుందా?"

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే చెల్లెమ్మా. తప్పు కాదు. పిల్లలా ఉన్నప్పుడు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నది మనమే. అది పెరిగి ముప్పై అయిదు కిలోలు అవుతుందని మనకు ముందే తెలుసు. చోటు చూడవలసిన బాధ్యత మనదే. రెండవ ప్రశ్నకు జవాబు కాస్త పెద్దది. ఈ నెల పేజీ అంతా దానికే ఇస్తున్నాను. మన కుటుంబాలలో పెద్ద కుక్కలున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి కనుక మిగతావారికీ పనికి వస్తుంది.

ఈ సంగతి చెప్పడానికి నేను తగుదునా అంటే, తప్పు చేసి నేర్చుకున్నదాన్ని కనుక తగుదును.

మా జూలీకి జరిగింది

2018వ సంవత్సరం మే నెల. మా లాబ్రడార్ జూలీకి అప్పుడు నాలుగేళ్ళు, 31 కిలోల బరువు. మాది డిక్కీ పొట్టిగా ఉండే చిన్న కారు. ఒంగోలులో మా ఆడపడుచు గారింట్లో శుభకార్యానికి గుంటూరు నుంచి బయలుదేరాం. వెనక సీట్లో అత్తయ్య, ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. డిక్కీ మీద ఉండే పలక తీసేసి జూలీని అక్కడ ఎక్కించాం. ప్రక్కనే రెండు సూట్‌కేసులు. "చోటుందిగా" అనుకున్నాం. ఏ.సి. వేసే ఉంది. ముందు కూర్చున్న నాకు చలిగా ఉండి చీర కొంగు కప్పుకున్నాను కూడా.

చిలకలూరిపేట దాటాక మా చిన్నమ్మాయి వెనక్కి తిరిగి చూసి, "అమ్మా, జూలీ నవ్వుతోంది" అంది. ముచ్చటపడి నేనూ తిరిగి చూశాను. అది నవ్వు కాదు. నోరు బార్లా తెరిచి, నాలుక పూర్తిగా బయటపెట్టి, జొల్లు కారుస్తూ రొప్పుతోంది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. మా వారు ప్రక్కనున్న పెట్రోలు బంకులోకి కారు తిప్పారు. డిక్కీ తలుపు తీస్తే జూలీ వెనక కాళ్ళ మీద నిలబడలేకపోయింది. బంకులో పనిచేసే కుర్రవాడు పరుగున పోయి నీళ్ళ గొట్టం లాక్కొచ్చాడు. నీడలో పడుకోబెట్టి తలనుంచి తోకదాకా నీళ్ళు పోస్తూ, అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాం. కొంతసేపటికి తల ఎత్తి మా చిన్నదాని చెయ్యి నాకింది. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది.

ఒంగోలులో పశువుల డాక్టరుగారికి చూపించాం. ఆయన మందిచ్చి, మా కారు దగ్గరకు వచ్చి, ఒక్క క్షణం డిక్కీలోకి చూసి అన్నారు: "ఏ.సి. గాలి మీ ముఖాలకు తగిలి అక్కడే ఆగిపోయింది. సీటు వీపులు, సూట్‌కేసులు అడ్డం. వెనక అద్దంలోనుంచి ఎండ నేరుగా దీని మీద. మీరు చలివేంద్రంలో ఉన్నారు, ఇది పొయ్యిలో ఉంది."

కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల దగ్గర కాస్త తప్ప, లోపలి వేడిని అది రొప్పడం ద్వారానే బయటకు పంపుకోవాలి. చుట్టూ ఉన్న గాలే వేడిగా ఉంటే ఎంత రొప్పినా ప్రయోజనం ఉండదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి దాదాపు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. అది 106 దాకా పోతే ప్రాణాపాయమే.

జూలీ బ్రతికింది. 2023లో వయసు మీద పడి పోయింది. కాని ఆ బంకులో గడిపిన సేపు మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. తరువాత కారు మార్చాలనుకున్నప్పుడు మేము షోరూములకు వెళ్ళిన పద్ధతే మారింది. చోటు అంటే డిక్కీలో ఖాళీ అని అంతకు ముందు అనుకునేవాళ్ళం. ఇప్పుడు మూడు సంగతులు చూస్తాం: గాలి, నేల, పట్టు. గాలి చేరని చోటు, కుక్క సమంగా పడుకోలేని చోటు, బ్రేకు వేస్తే కుక్కను పట్టి ఉంచలేని చోటు ఎంత పెద్దదైనా చోటు కాదు.

పాత పేపరుతో కొలత

మొదట చేయవలసిన పని షోరూముకు వెళ్ళడం కాదు. ఇంట్లో కుక్కను కొలవడం. టేపు పట్టుకుంటే కుక్కలు నిలబడవు, ఆటలాడతాయి. మా పద్ధతి చెబుతాను. కుక్క ప్రక్కకు వాలి హాయిగా పడుకున్నప్పుడు దాని చుట్టూ నేలమీద సుద్దముక్కతో గీత గీయండి. అది లేచాక పాత న్యూస్ పేపర్లు అంటించి, గీతకు చుట్టూ నాలుగు వేళ్ళు ఎక్కువగా ఉంచి కత్తిరించండి. రెండు కుక్కలైతే రెండు పేపర్లు. దర్జీ దగ్గర కొలత జాకెట్టు ఎలాగో ఇది అలాగ. తరువాత గోడ ప్రక్కన నిలబెట్టి, నేలనుంచి భుజం దాకా, నేలనుంచి తల పైదాకా పెన్సిలుతో గుర్తు పెట్టండి.

పెరిగిన మగ లాబ్రడార్ సుమారు 29 నుంచి 36 కిలోలు ఉంటుంది. మగ జర్మన్ షెపర్డ్ భుజం దగ్గర 60 నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తు, 30 నుంచి 40 కిలోల బరువు. మన దేశపు రాజపాళయం, ముధోల్ జాతుల మగకుక్కలు ఎత్తులో వీటిని మించుతాయి గాని సన్నగా ఉంటాయి. గ్రేట్ డేన్ మగకుక్క 80 సెంటీమీటర్లకు తగ్గకూడదని అంతర్జాతీయ ప్రమాణం. దానికి మామూలు కుటుంబపు కారులో నిలబడే ఎత్తు దొరకదు. పడుకునే పొడవైనా దొరికితీరాలి. మీది కుక్కపిల్ల అయితే ఇప్పటి కొలత పనికిరాదు. దాని తల్లినో తండ్రినో చూసి కొలవండి.

ఆ పేపరు మడిచి సంచీలో పెట్టుకుని మేము షోరూములు తిరిగాం. డిక్కీ తలుపు తీయించి, సీట్లు మడిపించి, పేపరు పరిచి చూసేవాళ్ళం. మొదటి చోట సేల్స్ కుర్రవాడు, "ఇదేంటి మేడమ్?" అన్నాడు. "మా జూలీ" అన్నాను. అతను నవ్వి, తన ఇంట్లో కూడా కుక్క ఉందని చెప్పి, టేపు తెచ్చి తానే కొలిచిపెట్టాడు. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. సోఫా కొనేటప్పుడు గది కొలుచుకోమా?

లీటర్ల లెక్కకు మోసపోవద్దు

కారు కాగితాలలో డిక్కీ చోటును లీటర్లలో చెబుతారు. చాలా కంపెనీలు వాడే పద్ధతిలో 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తు ఉన్న దిమ్మెలు డిక్కీలో పేరుస్తారు. ఒక దిమ్మె ఒక లీటరు. మూలల్లో, చక్రం గూడు ప్రక్కన, ఎక్కడ సందు ఉంటే అక్కడ దిమ్మె దూరుతుంది. కుక్క దిమ్మె కాదు కదా. దానికి కావలసింది ఒకే ముక్కగా సమంగా ఉన్న నేల. కనుక లీటర్లు ప్రక్కన పెట్టి మీ పేపరును నమ్మండి.

వెనక డిక్కీ వేరుగా మూసి ఉండే సెడాన్ కారు సంగతి మొదటే తేల్చేస్తాను. అందులో 500 లీటర్ల డిక్కీ ఉన్నా కుక్కకు ఒక్క లీటరు కూడా లేనట్టే. గాలి, వెలుతురు రాని ఆ పెట్టెలో ప్రాణమున్నదాన్ని ఎక్కించరాదు. సెడాన్‌లో కుక్క వెనక సీట్లోనే కూర్చోవాలి. అప్పుడు మనుషులు ముగ్గురికే చోటు. అయిదుగురున్న ఇంటికి అది కుదరదు.

చిన్న ఎస్.యు.వి.లు ఇప్పుడు అందరికీ మోజు. మా వారికీ ఉండేది. బయటనుంచి చూస్తే ఏనుగంత కనిపిస్తాయి. డిక్కీ తలుపు తీసి చూడండి. చాలావాటికి వెనక అద్దం ఏటవాలుగా ఉండి పైకి పోయేకొద్దీ చోటు తగ్గిపోతుంది. కుక్క తల అద్దానికి తగులుతుంది. పైగా డిక్కీ గడప ఎత్తు. కుక్క వయసులో ఉన్నప్పుడు ఒక్క గెంతులో ఎక్కుతుంది. లాబ్రడార్లకు, జర్మన్ షెపర్డ్లకు తుంటి కీళ్ళు అరిగే జబ్బు తరచుగా వస్తుంది. ఎనిమిదేళ్ళ తరువాత దాన్ని రోజూ ఎత్తి ఎక్కించవలసింది మీరే. కనుక నేలనుంచి డిక్కీ గడప ఎంత ఎత్తుందో కొలిచి వ్రాసుకోండి. అదే కొలత మీ అత్తగారు ఎక్కే తలుపు దగ్గర కూడా తీసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి, ముసలి కుక్కకు కావలసింది ఒకటే, తక్కువ ఎత్తు గడప. మా ఇంట్లో "కుక్కలకు కారేమిటే, విడ్డూరం కాకపోతే" అన్న అత్తయ్యే ఒక ఎత్తైన బండి ఎక్కి దిగి, "జూలీ ఇది ఎక్కలేదు, నేనూ ఎక్కలేను" అని తీర్పు చెప్పారు. ఆ బండి సంగతి అక్కడితో సరి.

మీ ఇంటికి సరిపడేవి

అయిదుగురు మనుషులు, రెండు పెద్ద కుక్కలు అంటే నా మటుకు నేను మూడు వరసల కారే చూడమంటాను. మొదటి రెండు వరసలు మనుషులకు. మూడవ వరస మడిచో తీసేసో కుక్కలకు. బరువు లెక్క కూడా ఇదే చెబుతుంది. రెండు కుక్కలు కలిసి 70 కిలోలు, అంటే ఇంకొక పెద్ద మనిషి. అయిదుగురి కారులో ఆరవ మనిషిని, పెట్టెలను వేస్తే టైర్లకు, బ్రేకులకు భారం. ఏడుగురి కోసం చేసిన కారు దాన్ని తేలికగా మోస్తుంది.

ఒకప్పుడు ఇలాంటి ఇళ్ళకు మారుతి ఓమ్ని ఉండేది. 1984 నుంచి 2019 దాకా తయారైంది. దాని తరువాతి తరం వ్యాను ఈకో 2010లో వచ్చింది. అయిదు సీట్ల ఈకోలో వెనక చోటు విశాలం, ప్రక్క తలుపులు జరిపి తీయవచ్చు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. అయితే ఏ.సి. ఉన్న రకంలో కూడా చల్లగాలి ముందునుంచే వెనకదాకా రావాలి. మే నెల మధ్యాహ్నం మా జూలీ అనుభవం మళ్ళీ జరగకుండా ప్రయాణాలు తెల్లవారుజామునే పెట్టుకోవాలి.

రెనో ట్రైబర్ 2019లో వచ్చింది. పొడవు 4 మీటర్లలోపే. దీని చివరి వరస సీట్లు పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. ఏడు సీట్లూ ఉంటే వెనక 84 లీటర్లే. చివరి రెండు తీసేస్తే 625 లీటర్లు. వెనక వరసలకు కూడా విడిగా గాలి రంధ్రాలున్నాయి. ఇది కుక్కలున్న ఇంటికి పెద్ద సౌకర్యం. ఇంజను మాత్రం 999 సి.సి. నిండా జనంతో, కుక్కలతో అరకు ఘాట్ ఎక్కాలనుకునేవారు కొనేముందు నిండు బండితో నడిపి చూడాలి.

మారుతి ఎర్టిగా 2012 నుంచి ఉంది కనుక సెకండ్ హ్యాండులో కూడా బాగా దొరుకుతుంది. ఇప్పటి రూపంలో ఏడు సీట్లూ ఉంటే వెనక 209 లీటర్లు, మూడవ వరస మడిస్తే 550. మడిచిన సీట్ల మీద చదునుగా ఉండేలా ఒక ప్లైవుడ్ పలక, దానిమీద రబ్బరు పట్ట వేసుకోవాలి. రెండవ వరసకు విడిగా గాలి రంధ్రాలున్నాయి. దాని గాలి వెనకదాకా చేరుతోందో లేదో మీరే వెనక కూర్చుని చూడాలి.

టయోటా ఇన్నోవా స్తోమత ఉన్నవారికి. క్రిస్టాలో చివరి సీట్లు ప్రక్కలకు మడిచి కట్టాలి కనుక వెడల్పు కొంత తగ్గుతుంది. 2022లో చూపించిన హైక్రాస్‌లో అవి నేలలోకి మడుచుకుంటాయి. చోటు సంగతిలో వంక లేదు. కాని ఆ తేడా డబ్బుతో పిల్లల చదువు ఒకటి రెండేళ్ళు గడుస్తుంది. కుక్కల కోసం అంత అప్పు చేయమని నేను చెప్పను.

సి.ఎన్.జి. కారు చూసేవారు ఒక సంగతి గుర్తుంచుకోండి. చాలా కార్లలో ఆ సిలిండరు ఉండేది డిక్కీలోనే. అంటే కుక్క చోటును గ్యాసు తీసుకుంటుంది. 2023లో టాటా వారు రెండు చిన్న సిలిండర్లను డిక్కీ నేల క్రింద అమర్చే పద్ధతి ఆల్ట్రోజ్‌లో తెచ్చారు. అలాంటివాటిలో కొంత నయం.

పన్ను సంగతి కూడా తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లలోపు పొడవు, 1200 సి.సి.లోపు ఇంజను ఉన్న పెట్రోలు కార్ల మీద జి.ఎస్.టి. 18 శాతం. పెద్ద కార్ల మీద 40 శాతం. ట్రైబర్, ఈకో మొదటి తరగతిలోకి వస్తాయి. ఎర్టిగా, ఇన్నోవా రెండవ దాంట్లోకి వస్తాయి. మధ్యతరగతి ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

ఇంకొక హెచ్చరిక. చోటు కోసం ఎక్కడో షెడ్డులో సీట్లు కోయించడం, ఇనుప చట్రాలు వెల్డింగు చేయించడం వద్దు. ఆర్.సి. పుస్తకంలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. కంపెనీ వారే మడిచేందుకు, తీసేందుకు వీలుగా చేసిన సీట్లనే మడవండి, తీయండి.

పట్టు లేని చోటు చోటు కాదు

కుక్కను వదులుగా ఎక్కించడం ఎంత ప్రమాదమో ఒక లెక్క చెబుతాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికైనా గుద్దుకుని ఆగితే, లోపల వదులుగా ఉన్నది అదే వేగంతో ముందుకు పోతుంది. ఆ వేగం దాదాపు పది మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడ మీదనుంచి పడినదానితో సమానం. 35 కిలోల కుక్క మూడంతస్తుల పైనుంచి ముందు సీటులోని పిల్లవాడి తలమీద పడితే? కుక్కా దక్కదు, పిల్లవాడూ దక్కడు.

కనుక కుక్క వెనక చోటులో ఉంటే, దానికీ మనుషుల సీట్లకూ మధ్య గట్టి వల గాని కడ్డీల అడ్డు గాని ఉండాలి. గాలి మాత్రం అందులోనుంచి ధారాళంగా పోవాలి. సీటు మీద ఉంటే ఛాతీ చుట్టూ వచ్చే వెడల్పు పటకా తొడిగి దాన్ని సీటు బెల్టుకు తగిలించాలి. మెడ పట్టీకి తగిలించవద్దు, బ్రేకు వేస్తే మెడకు ఉరి అవుతుంది. ముందు సీట్లో కుక్కను కూర్చోబెట్టవద్దు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ఆ దెబ్బ దానికి తట్టుకోరానిది. కిటికీలోనుంచి తల బయటపెట్టడం చూడముచ్చటగానే ఉంటుంది. దుమ్ము, రాళ్ళు కళ్ళలో పడతాయి. కుక్క కాలు పడితే అద్దం పైకి లేచే ప్రమాదమూ ఉంది. అద్దాలకు లాక్ వేసి ఉంచండి.

నున్నటి ప్లాస్టిక్ నేలమీద కుక్క మలుపు మలుపుకూ జారుతుంది. జారే కుక్క భయపడుతుంది, భయపడే కుక్క వాంతి చేసుకుంటుంది. క్రింద రబ్బరు పట్ట, దానిమీద పాత దుప్పటి చాలు. ఎక్కడానికి ఒక బలమైన పలకకు కొబ్బరి పీచు పట్ట బిగించి ఏటవాలుగా పెడితే ముసలి కుక్క కూడా నడిచి ఎక్కుతుంది. ముందు ఇంటి మెట్ల మీద వేసి అలవాటు చేయండి.

నిలిపిన కారులో వద్దు

ఎంత మంచి కారైనా, ఆపి ఉంచిన కారులో కుక్కను వదలి వెళ్ళవద్దు. "అయిదు నిమిషాలే కదా, అద్దం కాస్త దించాంగా" అని అందరమూ అనుకుంటాం. 2005లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, ఎండలో నిలిపిన కారు లోపలి వేడి ఒక గంటలో సగటున 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 22 డిగ్రీల సెల్సియస్, పెరిగిందని తేలింది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అద్దాలు కొంచెం దించినా పెద్దగా తేడా లేదు. అది ఒక మోస్తరు ఎండల్లో చేసిన పరీక్ష. మన గుంటూరు మే నెలలో బయటే 43, 44 ఉన్నప్పుడు లోపల ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

ఒకవేళ వడదెబ్బ గుర్తులు కనిపిస్తే, అంటే ఆగని రొప్పు, జొల్లు, తూలడం, ముందు చల్లార్చండి, తరువాత డాక్టరు దగ్గరకు పరుగెత్తండి. నీడలోకి చేర్చి ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేయవద్దు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

మీ విశాఖ ప్రయాణం దాదాపు 380 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరండి. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టవద్దు, నీళ్ళు మాత్రం ఇవ్వండి. రెండు గంటలకొకసారి ఆపి, గొలుసు పట్టుకుని దింపి, నీళ్ళు త్రాగించండి. అప్పటికి కారు కుదరకపోతే రైలు ఉంది. ఏ.సి. మొదటి తరగతిలో కూపే మొత్తం మీకే దొరికితే కుక్కను వెంట తీసుకువెళ్ళవచ్చు. లేకపోతే గార్డు పెట్టెలో కుక్కల బోను ఉంటుంది. ముందుగా పార్సిల్ ఆఫీసులో విచారించండి. కారు ఇంకా కొనలేదనే కారణంతో తొందరపడి కుక్కలను ఎవరికీ ఇవ్వనక్కరలేదు.

మరిదిగారికి ఒక మాట

చెల్లెమ్మా, ఈ పేజీ మీ వారికి చదివి వినిపించండి. మరిదిగారూ, మీమీద నాకు కోపం లేదు. బదిలీ, క్రొత్త ఊరు, పిల్లల స్కూలు, అద్దె ఇల్లు, ఇన్ని బరువుల మధ్య కుక్కల మాట ఎవరికైనా విసుగే. మీరు చూసిన కారు మంచిదే అయి ఉంటుంది. నేను అడిగేది ఒక్కటే. ఏదైనా ఒక సాయంకాలం మీరు, బాబు కలిసి ఆ రెండు కుక్కలకు పేపరు కొలత తీయండి. అది తీసుకుని ఇద్దరూ రెండు మూడు షోరూములకు, ఒకటి రెండు సెకండ్ హ్యాండు అంగళ్ళకు వెళ్ళండి. తరువాత మీకు ఏది తోస్తే అది చేయండి. నిజంగానే ఏ దారీ లేక ఇవ్వవలసి వస్తే, రెంటినీ కలిపి ఉంచుకునే, మీకు బాగా తెలిసిన ఇల్లు చూసి, బాబును వెంట తీసుకువెళ్ళి ఇవ్వండి. వాడు స్కూలుకు పోయిన వేళ చూసి మాత్రం పంపవద్దు. కాని అంత దూరం రాదని నా నమ్మకం.

మేము 2019లో కొన్నది సెకండ్ హ్యాండు కారే. మూడు వరసలది, రంగు కూడా ఎవరికీ నచ్చనిది. మా వారు కోరుకున్న బండి కాదు. ఇప్పుడు జూలీ లేదు. దాని చోట సీజర్ అనే జర్మన్ షెపర్డ్ ఉంది. ఆదివారం గుడి అయ్యాక అత్తయ్యను డాక్టరు దగ్గరకో, చుట్టాలింటికో తీసుకువెళ్తే సీజర్ కూడా వస్తుంది. మధ్య వరసలో అత్తయ్య, వెనక వల అవతల సీజర్. ఎండాకాలం వస్తే అత్తయ్య కూర్చోగానే వెనక్కి తిరిగి, వలలోనుంచి చెయ్యి పెట్టి గాలి తగులుతోందో లేదో చూస్తారు. చూశాకే, "ఇక పోనివ్వు నాయనా" అంటారు. ఆమె ఆ మాట అనేదాకా మా వారు కారు తీయరు.